పచ్చి సబ్బు మీద తొమ్మిది

విద్యార్థినుల వసతిగృహం,
మూడో అంతస్తు, మెట్ల పక్క గది.
జూన్ 9

పూజ్యురాలైన అత్తయ్యకు,

నా మీద మోపిన నేరం ఇది: ఇంటి గుట్టును వేదిక ఎక్కి చెప్పాను, తాతగారు మొదలుపెట్టిన సబ్బుల కార్ఖానా పరువును ఒక కప్పు కోసం అమ్ముకున్నాను, మన దగ్గర పదహారేళ్లు పనిచేసి, బయటికి పోయి, ఇప్పుడు మనకే పోటీగా సబ్బు తీస్తున్న మేస్త్రి చేతికి కత్తి అందించాను. నాన్న ఉత్తరంలో ఈ మూడూ ఉన్నాయి. నాలుగోది కూడా ఉంది: వారం రోజులుగా మీరు ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడటం లేదట. మొదటి మూడింటికీ నా దగ్గర జవాబు ఉంది. నాలుగోదానికి లేదు. అందుకే ఫోను చేయకుండా కాగితం తీశాను.

జరిగింది చెబుతాను. చర్చకు ఇచ్చిన అంశం "ధరల పోటీ కొనేవారికి మేలు చేస్తుంది" అన్నది. నేను అనుకూలంగా నిలబడ్డాను. అవతలివాళ్లు పుస్తకాల్లోంచి పట్టికలు తెచ్చారు. నేను మన సబ్బు తెచ్చాను. నిజంగానే బల్ల మీద పెట్టి, "మా ఇంటి సబ్బు తొమ్మిదేళ్లు పన్నెండు రూపాయలకే అమ్ముడుపోయింది. మా మేస్త్రి వేరుపడి పదికి సబ్బు తీశాడు. నలభై రోజులు తిరక్కుండా మా సబ్బు మీద పదకొండు పడింది. అంటే పదకొండుకి అమ్మగలమని మాకు ముందే తెలుసు. మరి తొమ్మిదేళ్లపాటు ఒక్కో సబ్బు మీద అదనంగా తీసుకున్న ఆ ఒకటి ఎవరిది?" అని అడిగాను. సభ లేచి నిలబడింది. మర్నాడు పత్రికలో ఆ అయిదు వాక్యాలూ పడ్డాయి. మేస్త్రి వాటిని కత్తిరించి ప్రతి అంగడి తలుపు మీదా అంటించాడంటే అది పత్రిక తప్పు కాదు, జిగురు తప్పు కాదు, నా తప్పు అంతకన్నా కాదు. నిజం ఎవరి తలుపు మీద ఉన్నా నిజమే.

నాన్న తన ఉత్తరంలో "ఇంటిపిల్లవి" అని నాలుగుసార్లు రాశారు. వాదం లేనివారే బంధుత్వాన్ని సాక్ష్యానికి పిలుస్తారు. ఆయనకు ఆ మాట మీరే చెప్పండి, నేను చెబితే అయిదోసారి రాస్తారు.

ఇక విమర్శించి ఊరుకునే అలవాటు నాకు లేదు కనుక మార్గం కూడా చెబుతాను. మేస్త్రి పదిలో ఉన్నాడు. మీరు తొమ్మిదికి దిగండి. మనది నలభై ఏళ్ల కార్ఖానా, ఆయనది నాలుగు నెలల కొట్టం. తొమ్మిది దగ్గర మనం రెండు నెలలు నిలబడగలం, ఆయన రెండు వారాలు నిలబడలేడు. ఆ తరవాత ధర ఎంత ఉండాలో నిర్ణయించేది మీరే.

కోపం ఉంటే కోపంగానే రాయండి. మౌనం మాత్రం వద్దు. దాన్ని ఖండించడం నాకు రాదు.

మీ మేనకోడలు

*

సబ్బుల కార్ఖానా,
ముందు గది.
జూన్ 16

వకీలమ్మకు అత్త ఆశీస్సులు.

నాలుగో నేరం నుంచి నిన్ను విడుదల చేస్తున్నాను. కాస్టిక్ సోడా నీళ్లలో కలుపుతుంటే ఆవిరి గొంతుకు పట్టింది. డాక్టరు వారం రోజులు నోరు తెరవొద్దన్నాడు. ఆ సంగతి చీటీ మీద రాసి మీ నాన్నకు చూపించాను. వాడు కళ్లజోడు లేకుండా చదివి, "అక్క మనసు విరిగింది" అని ఊరంతా చెప్పాడు. ఇప్పుడు గొంతు బాగానే ఉంది. కానీ ఉత్తరమే నయం. ఫోనులో నేను "అది కాదే" అనేలోపు నువ్వు మూడు కారణాలు చెప్పేస్తావు.

తొమ్మిదికి దిగమన్నావు. ధర అంటే నీకు నోటితో అనేసే మాట. నాకు ఇత్తడి మీద చెక్కించాల్సిన అంకె. చిన్నప్పుడు ఇక్కడే పాకావు కాబట్టి చూసే ఉంటావు, కానీ పాకేవాళ్లకు నేల తప్ప ఏం కనపడుతుంది, అందుకని చెబుతున్నాను. సబ్బు కోసిన మర్నాడు, వేలు నొక్కితే గుంటపడేంత పచ్చిగా ఉన్నప్పుడు, దాని మీద అచ్చు కొడతాం. ఒక పక్క మన పేరు, రెండో పక్క ధర. కాగితం చుట్టి ధర వేస్తే అంగడివాళ్లు చింపేసి ఎక్కువకు అమ్ముతున్నారని మా నాన్న పెట్టిన పద్ధతి అది. ఆ తరవాత ముప్పై రోజులు అరల మీద ఆరాలి. ఆరాక అంకె మార్చడం కుదరదు. గీకితే పెచ్చులూడి వాడిన సబ్బులా కనపడుతుంది. అంటే ఇవాళ నేను కొట్టిన అంకె వచ్చే నెల అంగడికి వెళ్తుంది. ఇవాళ అంగట్లో ఉన్న మేస్త్రి అంకె అతను పోయిన నెలలో అనుకున్నది. అతనూ మన దగ్గర నేర్చుకున్నవాడే, అతని పద్ధతీ అదే. ఇద్దరం ఒకళ్ల పాత నీడను ఒకళ్లం తరుముతున్నాం. ఇందులో నువ్వు నన్ను ఇంకా వేగంగా పరిగెత్తమంటున్నావు.

తొమ్మిది వద్దు. ఎందుకో కూడా విను. అతను భార్య, బావమరిది కలిసి ముగ్గురు చేసుకుంటున్నారు. వాళ్లకు వాళ్లు జీతాలు ఇచ్చుకోరు. నా దగ్గర ఆరుగురు ఆడవాళ్లు ఉన్నారు. తొమ్మిది దగ్గర ముందు మాడేది ఎవరి కడుపో లెక్కలు చదవకుండానే చెప్పొచ్చు.

మొన్న మూల మీద అంగడికి వెళ్లాను. నీ వాక్యాలు తలుపు మీదే ఉన్నాయి, బాగా అంటించాడు. అంగడాయన నన్ను చూసి తలుపు పూర్తిగా తెరిచి గోడవైపు తిప్పేశాడు, నాకు కనపడకూడదని.

"ఎందుకండీ దాచడం? మా పిల్ల ఫొటో కూడా వేసుంటే బావుండేది" అన్నాను.

"అమ్మా, మీ పిల్ల నోరు మంచిదే గానీ, జనం పదకొండు సబ్బు చేతిలోకి తీసుకుని, ఇంకొన్నాళ్లు ఆగితే ఇంకా తగ్గుతుందా అని అడుగుతున్నారు. తగ్గించకముందు ఒక్కళ్లూ అడగలేదు" అన్నాడు.

ఇంకో విశేషం. లాండ్రీ నడిపే ఆవిడ తెలుసుగా, వారానికి పెట్టె సబ్బు తీసుకుంటుంది. నల్ల ప్యాంటు ఒకటి పట్టుకొచ్చి నా బల్ల మీద పరిచింది. "వదినా, ఇది చూడు. రెండుసార్లు జాడించినా తెల్లపొడి పోవట్లేదు. నీ సబ్బుకు వయసొచ్చిందా, నా కళ్లకొచ్చిందా?" అంది. "మీ కుళాయి నీళ్ల మార్పు" అని చెప్పి టీ ఇచ్చి పంపాను.

పదకొండు ఎలా వచ్చిందో నీకు తెలుసనుకుంటున్నావు. సెలవులకు వచ్చినప్పుడు చెబుతాను. ఈలోపు వేళకు తిను. కప్పుకు దారం కట్టి మెడలో వేసుకుని తిరక్కు.

అత్త

*

వసతిగృహం,
మెట్ల పక్క గది.
జూన్ 24

అత్తయ్యకు,

మీ గొంతు కుదుటపడినందుకు సంతోషం. మీ వాదం కుదుటపడలేదు.

మీరు రాసినదాంట్లో అచ్చు గురించిన భాగం నాకు కొత్త. ఒప్పుకుంటున్నాను. ధర పచ్చిగా ఉన్నప్పుడే నిర్ణయమై, ఎండాక మాత్రమే బయటపడుతుందన్నది ఏ ఆచార్యుడూ నాకు చెప్పలేదు. అయితే అది మన కష్టమే తప్ప కొనేవారి కష్టం కాదు. మనకు నెల ఆలస్యం అవుతోంది కాబట్టి వాళ్లు ఎక్కువ ఇవ్వాలనడం న్యాయం కాదు.

ఆరుగురు ఆడవాళ్ల సంగతి రాశారు. వాళ్లను నేను మరిచిపోయానని అనుకోకండి. అచ్చు కొట్టే పెద్దావిడ ఒళ్లో నిద్రపోయిన రోజులు నాకు గుర్తున్నాయి. కానీ ప్రతి యజమానీ ధర తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందుగా చూపించేది తన పనివాళ్లనే. లాభం ఎక్కువగా ఉన్న తొమ్మిదేళ్లలో ఆ ఆరుగురినీ ఎన్నిసార్లు చూపించారు?

ఇక అసలు ప్రశ్న. పదకొండు ఎలా వచ్చిందని నేను అడగకముందే "సెలవులకు చెబుతాను" అన్నారు. వాయిదా అడిగేవారి దగ్గర సాక్ష్యం ఉండదని మా చర్చా సంఘంలో మొదటి రోజే నేర్పుతారు. ఆగస్టులో ఆఖరి పోటీ ఉంది. నన్ను ఎంపిక చేశారు. అంశం "పోటీదారులు కూర్చుని ధర మాట్లాడుకోవడం న్యాయమే." నేను వ్యతిరేకం. నా మొదటి ఉదాహరణ మళ్లీ మన సబ్బే. దానికి మించినది నా దగ్గర లేదు. అందువల్ల ఏదైనా సరిదిద్దాల్సింది ఉంటే ఇప్పుడే చెప్పండి.

మేస్త్రి తలుపులకు అంటించిన కాగితాల గురించి మీరు బాధపడనక్కరలేదు. ఆయనకు ఇవ్వాల్సిన సమాధానం నేను ఇచ్చాను.

నా గదిలో ఉండే అమ్మాయి మన సబ్బుతోనే ఉతుక్కుంటోంది. తన నల్ల చున్నీ మీదా తెల్ల మరకలున్నాయి. ఇక్కడి కుళాయి నీళ్లు కూడా మారాయంటారా?

మీ మేనకోడలు

*

సబ్బుల కార్ఖానా,
అరల గది.
జూలై 19

అమ్మడూ,

ముందు గదిలో కూర్చుంటే అంగళ్లవాళ్లు వస్తున్నారు. అందుకని అరల గదిలోకి వచ్చి రాస్తున్నాను. ఇక్కడ చోటు బాగానే ఉంది. ఉండకూడదు. జూలైలో ఈ గదిలో నడవడానికి ఒళ్లు ఒంచుకోవాలి. ఇప్పుడు సగం అరలు ఖాళీ. తొట్టిలో రోజు విడిచి రోజు పోస్తున్నాం. ఆరుగురికీ కూడా రోజు విడిచి రోజే పని. నిన్న పెద్దావిడ పనిలేని రోజున కూడా వచ్చి, ఊరికే అచ్చులు తుడిచి వెళ్లింది. "కూర్చుంటే నడుం పట్టేస్తోందమ్మా" అంది. నేను అటు తిరిగి నిలబడ్డాను.

సంగతేమిటంటే, ఈ నెల పద్నాలుగున అంగళ్లలోకి మేస్త్రి సబ్బు కొత్తది వచ్చింది. దాని మీద తొమ్మిది ఉంది.

నేను ఆ సబ్బు చేతిలో పట్టుకుని వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టాను. పద్నాలుగున అంగట్లోకి వచ్చిందంటే జూన్ పద్నాలుగుకు అచ్చు పడింది. అచ్చు చెక్కడానికి రెండు రోజులు. జూన్ పన్నెండుకు అతనికి తొమ్మిది అనే ఆలోచన వచ్చింది. తొమ్మిది అనే మాట ఈ భూమ్మీద అప్పటికి ఒక్క కాగితం మీదే ఉంది. దాని పైన జూన్ 9 అని ఉంది.

అతని కొట్టానికి వెళ్లాను. మూడేళ్ల తరవాత మేం ఎదురెదురుగా నిలబడటం అదే. అతను చేతులు తుడుచుకుంటూ వచ్చి, స్టూలు వేశాడు.

"రండి అమ్మగారూ. తొమ్మిది చూడటానికి వచ్చారా, మీ తొమ్మిది చూపించడానికి వచ్చారా?"

"నా తొమ్మిదేంటి మేస్త్రీ? నాకు తొమ్మిది లేదు."

"లేదా?" అని నవ్వబోయి ఆగిపోయాడు. లోపలికెళ్లి ఉత్తరం తెచ్చాడు. నీ దస్తూరీ నాకు చూపించక్కర్లేదు, నీకు అక్షరాలు దిద్దించింది నేనే. 'మీ పదికి మా తొమ్మిది సిద్ధంగా ఉంది. నెల తిరిగేసరికి అంగళ్లలో చూసుకోండి.' బాగా రాశావు. రెండే వాక్యాలు.

"నాకు రాలేదు, ఆ పిల్లకు వచ్చింది ఆ ఆలోచన. నేను ఒద్దన్నాను" అన్నాను.

"మరి సిద్ధంగా ఉందని రాసిందే?"

"నువ్వు నమ్మేశావా?"

"నమ్మనా మరి! నా భుజాల మీద పెరిగిన పిల్ల. చింపిరి జుట్టప్పుడు కూడా అబద్ధం ఆడింది కాదు. మీరెవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు, ఆ పిల్ల చెప్పిందని మర్నాడే అచ్చు చెక్కించాను. రోజుకు నాలుగొందలు కొట్టాను. ఇప్పుడు లోపల అరలన్నీ తొమ్మిదే. ఇవాళ నేను బుద్ధి తెచ్చుకున్నా ఇంకో ముప్పై రోజులు అంగళ్లకు తొమ్మిదే వెళ్తుంది. నూనె డబ్బు కూడా రాదు అమ్మగారూ."

అతని భార్య తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆవిడ చేతులు చూశాను. కాస్టిక్ తిన్న చేతులు.

ఇక సెలవుల దాకా ఆగడం ఎందుకు, ఇప్పుడే చెబుతాను. మేస్త్రిని నేను ఎందుకు పంపేశానో మీ నాన్నకు కూడా తెలియదు. మూడేళ్ల కిందట నూనె ధర పెరిగినప్పుడు అతను, "వందకి పదిహేను పాళ్లు సుద్ద కలుపుదాం, ఎవరికీ తెలియదు" అన్నాడు. "మా నాన్న తొట్టిలో సుద్దా?" అని అరిచి, ఆ సాయంత్రమే పంపించేశాను. అతను ఎక్కడెక్కడో కూలిపని చేసి, పోగుచేసుకుని, ఈ ఏడు పదికి సబ్బు తీశాడు. అందులో ఇరవై పాళ్లు సుద్ద. ఆ సబ్బు చూసి నేను పదకొండుకి దిగాను. పదకొండులో పదిహేను పాళ్లు. తొమ్మిదేళ్లు పన్నెండుకు ఇచ్చింది ఉత్త సబ్బు. దాని మీద మనకు మిగిలింది నువ్వనుకున్న ఒకటి కాదు, అందులో సగం కూడా కాదు. నువ్వు బల్ల మీద పెట్టి చూపించింది సుద్ద. లాండ్రీ ఆవిడకు కుళాయి నీళ్లని చెప్పాను. నీకు సెలవులని చెప్పాను.

అతను ఇవన్నీ ఒక్క మాటలో అనేశాడు. "నన్ను ఏ మాట అన్నందుకు పంపించారో, ఆ మాటే ఇవాళ మీ తొట్టిలో కలుపుతున్నారు కదమ్మా."

నేను మంచినీళ్లు అడిగాను. ఇచ్చాడు. తాగాక అన్నాడు, "పోట్లాట ఒద్దు. ఇద్దరం పన్నెండు చెక్కించుకుందాం. మీరూ దిగొద్దు, నేనూ దిగను. ఇద్దరం బతుకుతాం." ఆలోచించి చెబుతానన్నాను.

నిన్ను తిట్టాలని మొదలుపెట్టిన ఉత్తరం ఇది. రాస్తుంటే తిట్టాల్సింది ఎవరినో తెలియకుండా పోయింది.

అత్త

*

వసతిగృహం.
జూలై 26

అత్తయ్యా,

నేను మేస్త్రి గారికి అబద్ధం రాశాను. "సిద్ధంగా ఉంది" అన్న మాట అబద్ధం. తలుపుల మీద నా వాక్యాలు అంటించాడన్న కోపంతో, ఎదుటివాడు చివరి మాట అనేశాడన్న ఉక్రోషంతో రాశాను. మీకు రాసిన ఉత్తరం, ఆయనకు రాసిన ఉత్తరం ఒకే పూట ఒకే డబ్బాలో వేశాను. మీరు ఒద్దన్నాక కూడా ఆ సంగతి మీకు చెప్పలేదు. "సమాధానం ఇచ్చాను" అని గొప్పగా రాసి ఊరుకున్నాను.

వేదిక మీద అన్నది గాల్లో పోతుంది. ఎవరో ఖండిస్తారు, గంట కొడతారు, కిందికి దిగి టీ తాగుతాం. నా మాట వెళ్లి పచ్చి సబ్బు మీద పడి ఎండిపోతుందని నేను అనుకోలేదు.

పెద్దావిడ పనిలేని రోజున వచ్చి అచ్చులు తుడిచిందని చదివాక ఆ కాగితం మడిచి పెట్టేశాను. మూడు రోజులు మళ్లీ తీయలేదు.

ఆఖరి పోటీలో మన సబ్బు గురించి మాట్లాడను. మాట్లాడితే అబద్ధమవుతుంది. మాట్లాడకపోయినా మొదటిసారి చెప్పిన అబద్ధం పత్రికలో అలాగే ఉంది, దాన్ని ఏం చేయాలో తెలియడం లేదు.

మీరు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది.

మీ
మేనకోడలు

*

సబ్బుల కార్ఖానా,
ముందు గది.
జూలై 29

వకీలమ్మా,

నీ ఉత్తరం అందింది. ఇంత చిన్న ఉత్తరం నువ్వు పలక పట్టినప్పటి నుంచీ రాయలేదు. ఒక్క ఖండనా లేదు. ఒంట్లో బావుందా?

ఏడుస్తూ కూర్చోకు. తొమ్మిదని రాసింది నువ్వు, చెక్కించుకుంది అతను, అంతకు ముందే సుద్ద కలిపింది నేను. తప్పులో నీ వాటా నువ్వనుకున్నంత పెద్దది కాదు. అది కూడా నీకు నచ్చదని నాకు తెలుసు.

ఇప్పుడు పని సంగతి. వచ్చే సోమవారం ఉదయం అచ్చు చెక్కే ఆయన ఇక్కడికి వస్తున్నాడు. మేస్త్రి, అతని భార్య కూడా వస్తారు. పన్నెండు అని రెండు అచ్చులు ఒక్కరోజే చెక్కించుకుందామని అతని మాట. ఒకళ్ల ముందు ఒకళ్లు చెక్కించుకుంటే అనుమానాలు ఉండవట. నాకు సరేననే ఉంది. పన్నెండు దగ్గర నిలిస్తే ఆరుగురూ రోజూ వస్తారు, అతని ఇంట్లోనూ పొయ్యి వెలుగుతుంది. ఇంకెంతకాలం అంకెలు తరుముతాం? నాకు యాభై ఎనిమిది. అలిసిపోయాను.

మీ నాన్నను అడిగితే "నీ ఇష్టం అక్కా" అన్నాడు. ఆరుగురినీ అడిగితే పెద్దావిడ, "మీరు పన్నెండు కొట్టమంటే పన్నెండు కొడతాం, ఇరవై కొట్టమంటే ఇరవై. సుద్ద బస్తా మాత్రం మెట్లు ఎక్కించలేకపోతున్నామమ్మా, మోకాళ్లు పోతున్నాయి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇలాంటి రాజీ తప్పని నువ్వు సభలో మాట్లాడబోతున్నావని నాకు గుర్తుంది. నీ మాట వినకుండా చెక్కించానని రేపు అనొద్దు. రాయి. సోమవారం అందరి ముందూ నేనే చదువుతాను, మేస్త్రి ముందు కూడా. దాచను. కానీ గెలవడానికి రాయకు. ఇక్కడ కప్పులు లేవు.

అత్త

*

వసతిగృహం,
మెట్ల పక్క గది.
ఆగస్టు 2

అత్తయ్యకు, మేస్త్రి గారికి, ఆయన భార్యకు, అచ్చు కొట్టే పెద్దావిడకు, తక్కిన అయిదుగురికి,

ఈ కాగితం చదువుతున్నది అత్తయ్య గొంతు. ఇందులో మాటలు నావి. మధ్యలో ఆవిడ దగ్గితే ఆగండి, దాటేస్తే అడగండి.

ముందుగా మేస్త్రి గారితో. మీకు రాసిన రెండు వాక్యాల్లో మొదటిది అబద్ధం. నా మాట మీద మీకున్న నమ్మకాన్ని నేను మీకే వ్యతిరేకంగా వాడాను. క్షమించమని అడుగుతున్నాను. మీరు ఇప్పుడే క్షమించనక్కరలేదు. ఈ కాగితం అయ్యేదాకా విని, తరవాత నిర్ణయించుకోండి.

మీరిద్దరూ పన్నెండు దగ్గర నిలుద్దామనుకుంటున్నారు. నేను దాన్ని వ్యతిరేకిస్తున్నాను. సభలో ఆ పక్షం నాది కాబట్టి కాదు. ఆ సభలో చెప్పడానికి దాచుకున్న వాదాలన్నీ ఈ వారం తీసి చూశాను. మీ ముందు నిలబడేది వాటిలో ఒక్కటే ఉంది.

పన్నెండు, పది, పదకొండు, తొమ్మిది. అయిదు నెలలుగా మీరు పోట్లాడింది ఈ అంకెలతో. ఎందుకంటే పేరు కాక సబ్బు మీద ఉన్నది అంకె ఒక్కటే. కొనేవారికి కనపడేదీ అదే, ఒకరికొకరు కనపడేదీ అదే. కనపడే దాని మీద పోటీ వచ్చింది, కనపడని దాంట్లోంచి దాని ఖర్చు తీశారు. మేస్త్రి గారు అంకె దించి ఇరవై పాళ్లు సుద్ద కలిపారు. అత్తయ్య అంకె దించి పదిహేను పాళ్లు కలిపారు. తొమ్మిదిలో ఎంత ఉందో నేను అడగను. ఆయన భార్య ముఖం వైపు ఒకసారి చూడండి, చాలు.

పోటీ కొనేవారికి మేలు చేసిందని నేను కప్పు గెలుచుకున్నాను. లాండ్రీ ఆవిడకు ఏం మేలు జరిగింది? ఒకటి తక్కువ ఇచ్చింది, రెండుసార్లు ఎక్కువ జాడించింది. అంత మాత్రాన పోటీ లేకుండా చేసుకుంటే ఆవిడకు మేలు జరుగుతుందా? రేపు ఇద్దరి సబ్బు మీదా పన్నెండు ఉంటుంది. ఇద్దరూ ఆ అంకెకు కట్టుబడే ఉంటారు, మీ నిజాయితీని నేను శంకించడం లేదు. కానీ నూనె ధర మళ్లీ పెరుగుతుంది. అంకె కదపకూడదన్నది ఒప్పందం. అప్పుడు ఏది కదులుతుంది? ఇవాళ ఉత్త సబ్బుకు పన్నెండు ఇచ్చిన మనిషి ఏడాది తిరిగేసరికి సుద్దకు పన్నెండు ఇస్తుంది. వేరే సబ్బు కొందామంటే అదీ పన్నెండే, అదీ సుద్దే. పోట్లాటలో మీరు ఆవిణ్ణి సగం మోసం చేశారు. రాజీలో పూర్తిగా చేస్తారు, అదీ ఎవరూ ఎవరినీ తిట్టుకోకుండా.

అత్తయ్యా, మీరు అలిసిపోయానన్నారు. ఆ మాట దగ్గర చాలాసేపు ఆగాను. అంకెలు తరమడం వల్ల మీరు అలిసిపోలేదని నా నమ్మకం. పద్దెనిమిదేళ్లు ఆ తొట్టి నడిపారు, అలవలేదు. లాండ్రీ ఆవిడ మీ బల్ల మీద ప్యాంటు పరిచినప్పుడు కుళాయి నీళ్లని చెప్పారు కదా, ఆ రోజు నుంచి అలిసిపోయారు.

కాబట్టి నేను కోరేది ఇది. ఎవరి ధర వారు పెట్టుకోండి. పన్నెండు పెట్టుకుంటారో, తొమ్మిది పెట్టుకుంటారో, ఒకరినొకరు అడగొద్దు. కానీ అంకె కింద ఇంకో అంకె చెక్కించండి: వందకు ఎన్ని పాళ్లు సుద్ద. ఉత్త సబ్బయితే సున్నా. మేస్త్రి గారూ, చేతిలో తక్కువ ఉన్నవాళ్లు ఇరవై పాళ్ల సుద్ద తెలిసే కొంటారు, మీ పదికి చోటు ఉంటుంది. మంచి బట్టలు ఉతికేవాళ్లు సున్నా చూసి పన్నెండు ఇస్తారు, అత్తయ్యకూ చోటు ఉంటుంది. ఉంటుందని నేను ప్రమాణం చేయలేను. సిద్ధంగా ఉందని ఒకసారి రాసి చూశాను. ఈసారి తెలియనిది తెలియదనే రాస్తున్నాను: మొదటి నెల అమ్మకం పడిపోవచ్చు. "ఇన్నాళ్లూ సుద్ద పెట్టారా" అని మొహం మీదే అడుగుతారు. ఆ నెల మీరు తట్టుకోవాలి. ఆరుగురూ తట్టుకోవాలి. అది చిన్న విషయమని అనడానికి నేను అక్కడ లేను.

ఈ కాగితం వెనక ఇంకొకటి పెట్టాను. పత్రికకు రాసిన ఉత్తరం. నేను చెప్పిన ఉదాహరణ తప్పు, మా పదకొండు సబ్బులో పదిహేను పాళ్లు సుద్ద ఉంది, తొమ్మిదేళ్లు ఎవరి దగ్గరా ఆ ఒకటి అన్యాయంగా తీసుకోలేదు అని అందులో ఉంది. సంతకం చేశాను. పోస్టు చేయలేదు. నా అబద్ధాన్ని దిద్దుకోవాలంటే అత్తయ్య దాచినదాన్ని బయట పెట్టాలి. ఆవిడ అనుమతి లేకుండా ఆ పని ఇంకోసారి చేయను. ఆవిడ వద్దంటే పత్రికలో ఏ కారణమూ చెప్పకుండా నా మాట వెనక్కి తీసుకుని, కప్పు తిరిగి ఇచ్చేస్తాను. కానీ ఊరికి ఆ సంగతి ముందుగా తెలియాల్సింది నా కాగితం నుంచి కాదు, మీ సబ్బు నుంచి.

ఇక ఆరుగురితో. ఇన్నాళ్లూ ధర గురించి మిమ్మల్ని ఎవరూ అడగలేదు, నేను కూడా అడగలేదు. మిమ్మల్ని వాదంలో ఉదాహరణగా వాడుకున్నాను. సుద్ద బస్తాలు మెట్లెక్కించింది మీరు. తొట్టిలో పోసింది మీరు. దాని మీద పేరు కొట్టింది మీరు. ఏ సబ్బులో ఏముందో ఈ గదిలో అందరికన్నా బాగా తెలిసినది మీకే. మీ ఇంట్లో పిల్లల బట్టలకు ఏ సబ్బు పట్టుకెళ్తున్నారో నాకు చెప్పొద్దు. అత్తయ్యకు చెప్పండి, ఇప్పుడే, మేస్త్రి గారు వింటుండగా.

అచ్చు చెక్కే ఆయన కూర్చునే ఉన్నారు కదా. ఇత్తడి ముక్క ఒళ్లో ఉంది, దాని మీద ఇంకా ఏమీ లేదు. నా వంతు అయిపోయింది. పెద్దావిడా, ముందు మీరు లేవండి. రెండో అంకె చెక్కమని ఆయనతో చెప్పండి. అది లేని అచ్చు మీ చేత్తో పట్టుకోనని చెప్పండి.

మీ పిల్ల